పడుకున్న చేను

రెండు వేల ఆరు మే నెలలో నేను జంపక్కను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఆమె నిజం చెప్పింది. నేను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అప్పటికి ఈ మొత్తం వ్యవహారంలో అబద్ధం ఆడినవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఖమ్మంలో సివిల్ డిప్లొమా అయిపోయిన నెలకే జట్రోఫా కంపెనీలో సర్వే పని దొరికింది. జట్రోఫా అంటే అడవి ఆముదం. దాని గింజల నుంచి డీజిల్ తీస్తారట, నీళ్ళు అక్కర్లేదట, రాళ్ళలోనూ పెరుగుతుందట. ఎవరికీ చెందని బీడు భూములు చూపిస్తే ప్రభుత్వం కంపెనీకి లీజుకిస్తుంది. ఆ బీళ్ళు వెతకడమే నా పని. చేతిలో జీపీఎస్, మెడలో ఐడీ కార్డు. మా తండా మొత్తంలో మెడలో తాడు వేసుకుని తిరిగేది నేనూ మా ఎద్దులూ మాత్రమే అని మా నాన్న రూప్లా నవ్వేవాడు.

ఏన్కూరు దాటి అడవిలోకి వెళ్తే వాగు పక్కన ఇరవై ఇళ్ళ కోయగుంపు ఉంది. జంపక్క ఇల్లు చివరిది. భర్త లేడు. ఇంటి వెనక రెండు చేని చెక్కలు. పై చెక్కలో జొన్న కొయ్యలు కనిపిస్తున్నాయి. కింది చెక్క, రెండున్నర ఎకరాలు, మోకాలెత్తు గడ్డి.

"ఈ కింది చేను ఎవరిదక్కా?" అని అడిగాను.

"ఇప్పుడా? ఇప్పుడు ఎవ్వలది గాదు."

"మరి పైది?"

"గది మాది. గిది పండుకున్నది."

నాకు నవ్వొచ్చింది. "ఎప్పుడు లేస్తది?"

"నాలుగేండ్లు పండుకోవాలె. నడిమిట్ల నాది అనొద్దు. పుల్ల గూడ ఏరొద్దు. నిద్రల ఉన్నదాన్ని పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడ్తది, మళ్ళ పండదు. లేపే దినం పూజారి లేపుతడు, అప్పుడు మాదైతది." ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "మీ తండావోళ్ళకు గివన్ని ఎర్కలేదు. మీరు భూమిని కునుకు తియ్యనియ్యరు."

నిజమే. మా నాన్న ఏటా పత్తి వేస్తాడు. మా చేను నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఫారంలో 'హక్కుదారు' అన్న గడి ఉంది. 'ఎవరూ లేరని స్థానికురాలు చెప్పినది' అని రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని, సంతకం పెట్టాను. జీపు హారన్ కొడుతోంది. తరవాతి ఊరికి ఆలస్యమవుతోంది. ఇలాంటివి చెప్పుకోవడం వల్ల లాభం లేదని తెలుసు, కానీ నిజంగానే హారన్ కొడుతోంది.

వానలు పడగానే లారీల్లో మొక్కలొచ్చాయి. గుంతలు తీస్తుంటే జంపక్క పరిగెత్తుకొచ్చి గడ్డపార పట్టుకుందట. కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ వెంకటేశ్వరరావు, సత్తుపల్లి ఆయన, జీపు దిగి మ్యాపు చూపించాడట. "నువ్వే కదమ్మా ఎవరిదీ కాదన్నావు. ఎవరిదీ కానిదాంట్లో మేం మొక్క పెడితే నీకేంటమ్మా ఇబ్బంది?" ఇబ్బంది ఏంటో చెప్పాలంటే ముందు ఆ చేను నాది అనాలి.

రెండేళ్ళు గడిచాయి. అడవి భూమి సాగు చేసుకుంటున్నవాళ్ళకు హక్కు పత్రాలిచ్చే చట్టం అమల్లోకి వచ్చింది. రెండు వేల ఐదు డిసెంబరు నాటికి భూమి చేతిలో ఉండాలి, అంతే. ఈసారి నేను సర్కారు తరఫున కాంట్రాక్టు సర్వేయర్ని. అదే జీపీఎస్, తాడు రంగు మాత్రం మారింది. మా నాన్న నాలుగెకరాలకు పత్రం పక్కా అని మా తండాలో మొదట తేల్చింది నేనే. ఏటా దున్నిన చాళ్ళు శాటిలైట్ ఫొటోలో దువ్విన తలలా కనిపించాయి.

వాగు గుంపు వంతు ఏప్రిల్‌లో వచ్చింది. హక్కు పత్రాల విచారణకు ముందురోజు మధ్యాహ్నం జంపక్క ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"వచ్చినవా?" అంది తల ఎత్తకుండా. "ఈసారి ఎవ్వలది గాదని ఏది రాస్తవు, మా ఇల్లా?"

"కోపం తర్వాత చెయ్యక్కా. రేపు పత్రాలిచ్చే సారు అడుగుతడు, రెండు వేల ఐదుల కింది చేను ఎవరిదని. నాది అను. ఒక్క మాట."

"అప్పుడు నాది గాదు."

"మీ తాత కొట్టిన పోడు అది."

"అవ్. అప్పుడు పండుకున్నది."

"నిద్రపోయినా నీదే కదా. నువ్వు నిద్రపోతే నీ ఇల్లు ఇంకొకరిదైతదా?"

"నా ఇల్లు నేను. భూమి నేను గాదు." పువ్వులో పుల్లలు ఏరి పక్కన పడేసింది. "పై చెక్క అలిసిపోయింది బిడ్డా. మూడో పంటకే జొన్న కంకి బొటనవేలంత వచ్చింది. దాన్ని పండవెట్టాలె, కిందిదాన్ని లేపాలె. కిందిది లేకపోతే రెండు పోయినట్టే."

"అందుకే చెప్తున్న. అబద్ధమే అనుకో. ఒక్కటి."

"నువ్వు సదువుకున్నవు. నీకు అల్కగ వస్తది," అంది. తిట్టినట్టు లేదు. అదే ఎక్కువ నొప్పెట్టింది.

విచారణ గుంపు బడిలో. సారు కుర్చీలో, వెంకటేశ్వరరావు కిటికీ దగ్గర, గుంపంతా కింద కూర్చున్నారు, ముందు వరసలో పూజారి సీతయ్య. జంపక్క పేరు పిలిచారు.

"రెండు వేల ఐదు డిసెంబరు నాటికి ఈ కింది భూమి ఎవరిదమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను.

"నాదే సారు," అంది.

సీతయ్య చూపు నేలకు దించుకున్నాడు. ఎవరో దగ్గారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇంత తేలికగా పనయిపోతుందని ముందే తెలిస్తే రాత్రి నిద్రపోయేదాన్ని అనుకుంటుండగా వెంకటేశ్వరరావు బల్ల మీద ఒక జిరాక్సు పెట్టాడు. నా చేతిరాత ఇరవై అడుగుల నుంచి కూడా గుర్తుపట్టొచ్చు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని డ్రాయింగ్ మేడమ్ మెచ్చుకునేది.

సారు చదివాడు. చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు. "అప్పుడు ఎవరిదీ కాదని వేలిముద్ర పెట్టినవు. ఇప్పుడు నాదంటున్నవు. ఏది అబద్ధమమ్మా?"

జంపక్క సీతయ్య వైపు చూసింది. తర్వాత నేల వైపు.

"ఇప్పుడు చెప్పిందే సారు."

నేను లేచాను. భూమి పడుకోవడం, పేరు పెట్టి పిలవకూడదనడం, పూజారి లేపడం, మూడేళ్ళ పంట, నాలుగేళ్ళ విశ్రాంతి అన్నీ గబగబా చెప్పాను. నా ఫారం తప్పు అన్నాను.

"ఆమె చెప్పనిది రాసినవా?" అన్నాడు సారు.

"లేదు సార్. చెప్పిందే రాసిన."

"మరి తప్పేముంది?" క్లెయిమ్ ఫారం నా ముందుకు తోశాడు. "నిద్రపోయే భూమి అని ఎక్కడ రాయాల్నో చూపించు, రాస్త."

నేను నిజంగానే వెతికాను. రెండు వైపులా. హక్కుదారు, స్వాధీనం, పంట, హద్దులు. అలాంటి గడి లేదు.

పై చెక్కకు పత్రం ఇస్తామన్నారు. కిందిది తిరస్కరించారు. బయటికొచ్చాక జంపక్క దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు ఆమెకు కొంచెం దూరంగా నడుస్తున్నారు. నలుగురిలో చేనును పేరు పెట్టి పిలిచింది, దక్కించుకోనూ లేదు. నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

తర్వాతి ఏడు కంపెనీ వెళ్ళిపోయింది. గింజ సరిగా పట్టలేదు, ఆయిల్ రేటు పడిపోయింది, వెంకటేశ్వరరావు ఫోన్ స్విచాఫ్. మొక్కలు మాత్రం ఉన్నాయి. మేకలు తినవు, పొయ్యికి పనికిరావు. పీకేద్దామంటే లీజు ఇంకా కాగితం మీద బతికే ఉంది. భూమి తిరిగి ఎవరికి వెళ్ళాలో అడుగుతూ నేను మూడు అర్జీలు పెట్టాను. జవాబు ఒక్కదానికే వచ్చింది. రికార్డుల ప్రకారం సదరు భూమికి గతంలో హక్కుదారులు లేరు, అని.

జూలైలో జూలూరుపాడు వైపు పని ఉండి, వాగు దాటి వెళ్ళాను. జంపక్క పై చెక్కలో జొన్న చల్లుతోంది. వరసగా ఐదో పంట. మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి. గింజ పడితే టక్కున చప్పుడొస్తోంది.

గట్టు మీద నిలబడ్డాను. "దీన్ని పండవెట్టాలన్నవు కదక్కా."

"అన్న."

"ఇందులో ఏం వస్తది?"

"ఏం రాదు." ఇంకో పిడికెడు చల్లింది. "చల్లకుంటే మళ్ళ ఎవ్వరన్న వచ్చి అడుగుతరు, ఇది ఎవ్వలదని."

గంప కింద పెట్టి, నాగలి పట్టుకుని, రాళ్ళలోనే చాలు తియ్యడం మొదలుపెట్టింది.