రెండో వరస గొడుగు

"సముద్రానికి ఫోన్ చేశావా, ఒర్నెల్లా?"

అత్తగారు అర్జియా ఆ మాట అడిగేసరికి ఒర్నెల్లా చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. ఫిబ్రవరి నెల, ఆదివారం పొద్దున. కార్పి ఊరంతా పొగమంచులో మునిగి ఎదురింటి బాల్కనీ కూడా కనబడటం లేదు. బల్లమీద పరిచిన పల్చటి పిండిరేకును చిన్న చదరాలుగా కోసి, ఒక్కోదాంట్లో శనగగింజంత మాంసం ముద్ద పెట్టి, మడిచి, చిటికెనవేలికి చుట్టి కొసలు నొక్కుతోంది. తొర్తెల్లీని చుట్టడానికి చిటికెనవేలే వాడాలని అర్జియా శాసనం. వేరే వేలు వాడితే పెద్దవవుతాయట, పెద్దవైతే చెంచాలో తక్కువ పడతాయట, తక్కువ పడితే ఈ ఇంటి పరువు పోతుందట.

"ఇంకా లేదు అత్తయ్యా. భోజనాలయ్యాక చేస్తా."

"భోజనాలయ్యాకా? అప్పటికి ఆ మిలాను వాళ్ళు మన గొడుగు ఎగరేసుకుపోతారు. ఇప్పుడే చెయ్యి తల్లీ, పిండి ఎక్కడికీ పారిపోదు."

ఆ ఇంట్లో సముద్రానికి ఫోన్ చెయ్యడమంటే సముద్రపు ఒడ్డునున్న బెల్లారియాలో దెల్మోకి ఫోన్ చెయ్యడం. ఇసకలో వరసలు వరసలుగా గొడుగులు పాతి, వేసవికి అద్దెకిచ్చే మనిషి అతను. ఎవరి గొడుగు వాళ్ళది. ఏ ఏటికాయేడు అదే చోటు, అదే పొరుగు. పక్క గొడుగు పిల్ల పుట్టడం, నడవడం, పెళ్ళాడటం అన్నీ అక్కడే చూసెయ్యొచ్చు. అర్జియా వాళ్ళది రెండో వరస, మామగారి నాటి నుంచీ. మొదటి వరస వాళ్ళు ముందు కూర్చుని సముద్రాన్ని చూస్తారు, రెండో వరస వాళ్ళు వెనక కూర్చుని మొదటి వరస వాళ్ళని చూస్తారు. ఈ బాధ అర్జియాకి ఎప్పట్నుంచో ఉంది, మోకాళ్ళ నొప్పి కన్నా పాతది.

"సముద్రం సంగతంతా మా ఒర్నెల్లాదే. నేను కారు నడుపుతానంతే," అని గ్వాల్తియేరో బారులో స్నేహితులతో గొప్పగా చెప్పుకుంటాడు. ఒర్నెల్లా మొగుడు మంచివాడే. చెయ్యెత్తిన మనిషి కాదు, గొంతెత్తిన మనిషి కూడా కాదు. టైల్స్ ఫ్యాక్టరీలో కొలుములు బాగుచేసే పని. అతని మాటలో అబద్ధమూ లేదు. ఫిబ్రవరిలో గొడుగు ఖాయం చెయ్యడం, మార్చిలో అద్దె ఇల్లు మాట్లాడటం, జూన్‌లో దుప్పట్లు, కాఫీ కెటిలు, మందులు, చివరికి పిండి పరిచే చెక్కబల్లతో సహా కారు నెత్తిన కట్టించడం, అన్నీ ఒర్నెల్లావే. సముద్రం దగ్గర ఆదివారం వస్తే మాత్రం తొర్తెల్లీని మానతారా? "సెలవులంటే బయట తిండి తినడం కాదు, సముద్రం గాలికి ఇంటి భోజనం తినడం" అనేవారు మామగారు. ఆయన పోయినా ఆ మాట మాత్రం పోలేదు.

అక్కడికెళ్ళాక ఏముంటుంది? గొడుగుకి రెండు పడక కుర్చీలిస్తారు. ఒకటి అత్తగారిది, ఒకటి గ్వాల్తియేరోది. ఒర్నెల్లా ఐసుపెట్టె మూతమీద కూర్చుంటుంది. ఎవరికి నీళ్ళు కావాలన్నా, పీచ్ పండు కావాలన్నా ఆమె లేవాల్సిందే, కూర్చున్నదే దానిమీద కదా. అందరికన్నా ముందు అద్దె ఇంటికెళ్ళి పాస్తాకి పొయ్యిమీద నీళ్ళు పెడుతుంది. వాళ్ళు కాళ్ళకి ఇసకతో వచ్చి తింటారు. అందరికీ వడ్డించి, ఆ ఇసక ఊడ్చి, ఆఖరున ఆమె పొయ్యి దగ్గర నిలబడి తింటుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. తిన్న మూడు గంటల దాకా నీళ్ళలో దిగకూడదు. చర్చి చెప్పిన మాటైనా దాటుతారుగానీ ఈ ప్రాంతంలో ఈ మాట ఎవరూ దాటరు. అరగకుండా దిగితే కొయ్యబారి మునిగిపోతారని ప్రతి తల్లీ ప్రతి పిల్లకీ చెబుతుంది. అందరి మూడు గంటలూ అయిపోయి కేరింతలు కొడుతూ నీళ్ళలోకి పరిగెడుతుంటే, ఒర్నెల్లా కూడా లేవబోతుంది. పడక మీంచి అర్జియా అరుస్తుంది: "నువ్వు కాదే! నువ్వు ఆలస్యంగా తిన్నావ్!" ఆమె తిండి అరిగేసరికి రాత్రి వంటకి కూరలు తెచ్చే వేళవుతుంది.

పెళ్ళికి ముందు అదే నీళ్ళలో ఈదుకుంటూ రాళ్ళకట్ట దాకా వెళ్ళొచ్చిన పిల్ల ఆమె. ఇప్పుడు చీలమండలు తడిస్తే ఆ ఏటికి సముద్రం అయిపోయినట్టే. ఆమె స్వెట్టర్ల కంపెనీలో లెక్కలు చూస్తుంది. సెప్టెంబర్లో ఆఫీసుకెళితే అందరూ కాలిన బ్రెడ్డులా నిగనిగలాడుతుంటారు, ఆమె ఒక్కతే పాలలా తెల్లగా. "ఏంటమ్మా, సముద్రానికెళ్ళావా, ఆసుపత్రికెళ్ళావా?" అంటాడు యజమాని, అందరూ వినేలా. "నాది రంగు పట్టని ఒళ్ళండీ" అని నవ్వేస్తుంది. చెప్పగా చెప్పగా ఆమే నమ్మేసింది ఆ మాట. ఎండ తగిలితే కదా రంగు పట్టేదీ లేనిదీ తెలిసేది!

సరే, చేతులు తుడుచుకుని ఫోన్ చేసింది. అర్జియాకి చెవులు మందం కాబట్టి గొంతు గదంతా వినబడేలా పెట్టి, ఫోన్ని పిండిబల్ల మీద నిలబెట్టింది. గ్వాల్తియేరో ఓ మూల కూర్చుని జున్ను తురుముతున్నాడు. ఆదివారం అతను చేసే సాయం అది.

"ఒర్నెల్లా! నా బంగారు తల్లీ!" దెల్మో గొంతు ఫోన్ లేకపోయినా వినబడేలా ఉంది. "నేనే చేద్దామనుకుంటున్నా. అర్జియా అమ్మగారున్నారా? ఆవిడ కూర్చునుంటేనే చెబుతా."

"కూర్చునే ఉన్నా, చెప్పి చావు," అంది అర్జియా.

"మీ ముందు గొడుగు జెలిందా గారు లేరూ? పాపం, క్రిస్మస్‌కి ముందు పోయారు."

అర్జియా గుండెల మీద శిలువ గీసుకుంది. "అయ్యో. మంచి మనిషి. కుక్కనొక్కదాన్ని కట్టేసుంటే ఇంకా మంచి మనిషి." ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, "మరి ఆ గొడుగు?" అంది.

"అందుకే కదా చెబుతుంట! పిల్లలు వద్దనేశారు. మొదటి వరస, నడిమధ్య. ముందు మిమ్మల్నే అడుగుతున్నా."

అర్జియా ముఖం చూడాలి అప్పుడు. పెళ్ళికూతురు అంత సిగ్గుపడదు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, "తీసుకో! తీసుకుంటామని చెప్పు! గ్వాల్తియేరో, విన్నావట్రా? మీ నాన్న ఉండుంటే!" అని కొడుకు భుజం పట్టుకు ఊపేసింది. తురిమిన జున్నంతా నేలపాలు. ఒర్నెల్లా చీపురు కోసం చూసింది.

"ఇంకోమాట," అన్నాడు దెల్మో. "మొదటి వరసలో చోటు ఎక్కువ. మూడో పడక కూడా వెయ్యనా?"

"దేనికయ్యా దెల్మో!" గ్వాల్తియేరో పగలబడి నవ్వాడు. "మా ఒర్నెల్లా కూర్చోగా ఎవరు చూశారు? నిలబడలేని జబ్బు ఊళ్ళో చాలామందికుంది. మా దానిది కూర్చోలేని జబ్బు."

అందులో వెటకారం లేదు. ముద్దే. అదే కష్టం, ముద్దుగా అన్నమాటకి ఎదురు చెప్పడం.

"అయినా నా పడక లేదూ?" అర్జియా కోడలి చెంప నిమిరింది. "మా అత్త పోయాకే కదా నేను అందులో పడుకుంది. నేను పోయాక నీదే. తొందరేముందే పిచ్చి పిల్లా?"

అందరూ నవ్వారు. ఫోన్లో దెల్మో కూడా నవ్వాడు. ఒర్నెల్లా మాత్రం ఇంకో పిండి చదరం తీసుకుని చిటికెనవేలికి చుట్టింది.

ఈ ముసలామె అంటే ఆమెకి ప్రాణం. విషజ్వరంలో తను మంచంలో ఉంటే పక్కన కుర్చీలో కూర్చుని రాత్రుళ్ళు గడిపింది ఈమే. తన తల్లి చనిపోతే, ఇంత చారు కాచి తాగించిందీ ఈమే. పోయిన వేసవిలో ఇసకలో పరిచిన తడిచెక్కల మీద అర్జియా జారి పడినప్పుడు, అందరికన్నా ముందు పరిగెత్తింది ఒర్నెల్లాయే. ఎత్తి కూర్చోబెట్టి, మోకాలికి కట్టుకట్టి, గ్వాల్తియేరో చేత కారెక్కించి పంపించింది. వెనక్కి తిరిగేసరికి ఖాళీ పడక కనబడింది. తువ్వాలు ఇంకా దానిమీదే ఉంది. ఒక్క రెప్పపాటు, ఒక్కటంటే ఒక్కటి, ఆమె కళ్ళు దానిమీద నిలబడిపోయాయి. ఆ రోజంతా తనమీద తనకే అసహ్యం. ఎందుకలా చూశానో అర్థం కాలేదు. ఇప్పుడు, పిండిబల్ల ముందు, అర్థమైంది. ఈ ఇంట్లో ఆడది నడుం వాల్చాలంటే ఇంకో ఆడది పోవాలి. అందాకా ఐసుపెట్టె. ఇంత ప్రేమించే మనిషి చావు కోసం, తనకే తెలియకుండా, తను ఎదురు చూస్తోంది. అదీ ఒక పడక కుర్చీ కోసం!

"దెల్మో, మా పాత గొడుగు ఏం చేస్తావు?" అంది.

"బెర్గామో వాళ్ళెవరో అడుగుతున్నారు. ఇచ్చేస్తా."

"కాసేపాగు. మళ్ళీ చేస్తా."

చారు కాగింది. తొర్తెల్లీని వేసింది, అవి పైకి తేలాయి, వడ్డించింది. ఆ పూటంతా అర్జియా మొదటి వరస గురించే మాట్లాడింది, కొత్త టోపీ కొనాలంది, జెలిందా ఆత్మకి చర్చిలో ఒక పూజ చేయించాలంది. ఒర్నెల్లా తన పళ్ళెం తెచ్చుకుని, అందరితోపాటు కూర్చుని, వేడివేడిగా తింది. ఎవరూ గమనించలేదు. తిన్నాక ఫోన్ తీసుకుని, ఏప్రన్ తోనే బయటికెళ్ళి మెట్ల మీద నిలబడింది.

"దెల్మో, మొదటి వరస అత్తయ్యకీ గ్వాల్తియేరోకీ రాయి. రెండో వరసది కూడా వదలకు. ఒక్క పడక చాలు."

"చుట్టాలొస్తున్నారా తల్లీ? ఏ పేరున రాయను?"

"బెనాతి."

"బెనాతా? ఎవరు వాళ్ళు? కొత్తవాళ్ళా?"

"నేనే, దెల్మో. మా నాన్న ఇంటిపేరు. డబ్బు నా జీతంలోంచి పంపిస్తా."

అవతల దెల్మో ఆ పేరు పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. "అలాగే, బెనాతి గారూ," అన్నాడు చివరికి, కొంచెం నెమ్మదిగా.

లోపలికొచ్చి చెప్పింది. కాఫీ కప్పులు మూతుల దగ్గర ఆగిపోయాయి.

"వేరే గొడుగా!" అర్జియా గుండె పట్టుకుంది. "మొగుడూ పెళ్ళాం విడిపోయారంటారే! మొదటి వరసకొచ్చిన మొదటి ఏడే ఇదేం పరువు?"

"ఎక్కడికో కాదు కదా అత్తయ్యా, మీ వీపు వెనకే. విడిపోయేవాళ్ళు మరీ అంత దగ్గర తీసుకోరు."

"మరి మధ్యాహ్నం పాస్తాకి నీళ్ళెవరు పెడతారు?" అన్నాడు గ్వాల్తియేరో. ఆ గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది.

"అక్కడున్నది పొయ్యి, పులి కాదు. ఫ్యాక్టరీలో ఇల్లంత కొలుములు వెలిగిస్తావు నువ్వు."

"ఉప్పెంత వెయ్యాలో నాకేం తెలుసు?"

"వేసి రుచి చూడు. నేనూ అలాగే నేర్చుకున్నా."

అర్జియా కప్పు పక్కన పెట్టింది. కళ్ళు చెమర్చాయి. "నా పక్కన కూర్చోవడం నీకంత కష్టంగా ఉందా?"

ఒర్నెల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ పక్కన నేనెప్పుడు కూర్చున్నాను అత్తయ్యా? చెప్పండి." ఆ తర్వాతి మాట రావడానికి కొంచెం ధైర్యం కావాల్సొచ్చింది. "మీరు పోతే వచ్చే పడక నాకొద్దు. నూరేళ్ళు మీరే పడుకోండి దాంట్లో. నేను వెనకనుంచి మీ కొత్త టోపీ చూస్తూ పడుకుంటా."

ముసలామె కళ్ళు తుడుచుకుంది.

"మా అత్త చనిపోయిన ఏటి వేసవిలో," అంది, కొడుకు వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, "దానిమీద మొదటిసారి పడుకున్నా. ఏడుపొస్తుందనుకున్నా. రాలేదే. హాయిగా నిద్దరపట్టింది. ఆ నిద్ర సంగతి ఫాదర్ దగ్గర కూడా చెప్పుకోలేదు ఇన్నాళ్ళూ." కోడలి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసి, మామూలు గొంతుతో, "తీసుకున్నావు సరే. మొదటి వరస దాకా వినబడేలా గురక మాత్రం పెట్టకు," అంది. తన గదిలోకి వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర తిరిగి, "ఒడ్డున పడుకోవడానికేనా, రాళ్ళదాకా ఈదడం కూడా ఉందా?" అని అడిగింది.

"ఉంది అత్తయ్యా."

"ఈదు. నేను టోపీ ఊపుతా."

ఒర్నెల్లా గిన్నెలు కడగడానికి లేచింది. గ్వాల్తియేరో వెనకే వచ్చి నిలబడ్డాడు. తుడిచే గుడ్డ ఎక్కడుంటుందో వెతికి, దొరక్క, చివరికి అడిగి తీసుకున్నాడు. పళ్ళేన్ని తుడుస్తున్నాడో, పళ్ళెంలో తన ముఖం చూసుకుంటున్నాడో తెలియలేదు. కుళాయి కట్టేశాక, కొత్త ఇంటి తలుపు కొట్టినవాడిలా అడిగాడు:

"ఒర్నే, నేను అప్పుడప్పుడు నీ గొడుగు కిందకి రావచ్చా?"

"రా," అంది ఒర్నెల్లా. "నీ కుర్చీ నువ్వు తెచ్చుకో."