అయిదో ఫౌల్

కమలాక్షి బిందెడు నీళ్లు పోస్తే సిమెంటు కోర్టు గుటుక్కున తాగి మళ్లీ పొడిబారుతోంది. తెల్లవారినప్పటినుంచి ఆమెకు కూర్చోను తీరిక లేదు. సున్నంతో గీతలు గీసింది, కుర్చీలు మోసింది, ఆటగాళ్ల చెమట గుడ్డలు ఉతికి గోడమీద ఆరేసింది. ఇంకో గంటలో మదనపల్లె క్లబ్బుకూ పుంగనూరు నూనె మిల్లు జట్టుకూ బాస్కెట్‌బాల్ ఫైనల్. ఇప్పుడు కోర్టు చల్లబడకపోతే ఆటగాళ్ల కాళ్లు బొబ్బలెక్కుతాయి. మాట పడేది మాత్రం ఆమె.

"మేయ్ కమలాక్షీ, ఇట్లా రా" అని సుబ్రమణ్యం మాస్టరు వేపచెట్టు నీడలోంచి పిలిచాడు. ఆయన హైస్కూల్లో పెద్ద డ్రిల్లు మాస్టరు. ఈ రోజు రెఫరీ కూడా ఆయనే. అదే స్కూల్లో కమలాక్షి టెంపరరీ డ్రిల్లు టీచరు. నెలకు నూట ఇరవై, సెలవుల్లో అదీ లేదు. అందుకే వేసవి ఎండలో ఈ టోర్నమెంటు చాకిరీ, దినానికి ఎనిమిది రూపాయలు.

"ఆ పుంగనూరోళ్ల కర్రోడు ఉండాడే, వానిమీద కన్నేసి ఉండు. మోచేత్తో పొడుస్తాడంట. చేతులకేమో పూసుకుంటాడంట. నువ్వు టేబుల్ కాడ కూసోనుంటావు, బాగా కనపడతాది. నాకుండేది రెండు కండ్లే గదా."

"సరే సార్."

"జూన్‌లో పోస్టు సంగతి నాకు గ్యాపకం ఉండాదిలే" అని ఆయన విజిల్ తుడుచుకున్నాడు.

జూన్‌లో ఆ పోస్టు పర్మనెంటు చేస్తారు. మాస్టరు సిఫారసు చేసినవాళ్లకే అది. కుప్పం దగ్గర రాతి క్వారీలో బండలు కొట్టీ కొట్టీ కమలాక్షి తండ్రి మునెప్ప ఊపిరితిత్తులు దుమ్ముతో నిండిపోయాయి. ఆయన నాలుగడుగులు వేస్తే మూడుసార్లు నిలబడుతున్నాడు. ఆ ఇంట్లో జూన్ నెల అని పైకి ఎవరూ అనరు. అందరూ దానికోసమే బతుకుతున్నారు.

కర్రోడంటే నల్లవాడు, ఒటియెనో. కెన్యా దేశంనుంచి బెంగుళూరు కాలేజీలో చదువుకోను వచ్చినవాడు. మిల్లు యజమాని ముద్దుకృష్ణ మ్యాచికింత అని మాట్లాడుకుని తెచ్చుకున్నాడు. అతను బస్సు దిగిన రోజునుంచి మదనపల్లెలో ఇంకో మాట లేదు.

"పుంగనూరు ఆవులు ఇంతింత పొట్టి గదప్పా! వీళ్లు ఇంత పొడుగోణ్ణి యాడ పట్టుకొచ్చినారు?" అని టీ అమ్మే ముక్తియార్ అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. నవ్వులయ్యాక ముక్తియార్ గొంతు తగ్గించాడు. "ఆ హబ్షీ బూట్లల్లో స్ప్రింగులు ఉండాయంట కమలమ్మా. నువ్వు ఈడ్నే ఉంటావు గదా, సూడరాదా?"

ఆమె నిజంగానే చూసింది. గోడమీద ఎండుతున్న అతని బూటు ఎత్తి, అటూ ఇటూ చూసి, లోపల చెయ్యి పెట్టింది. అడుగు అరిగి బొక్క పడింది. అందులో మడతపెట్టిన కన్నడ పేపరు ముక్క కుక్కి ఉంది. అంతే. అయినా ఆమె అనుమానం తీరలేదు. ఇన్ని నోళ్లు ఊరికే అంటాయా అనిపించింది.

ఆమె కొళాయి దగ్గర బిందె నింపుతుంటే ఒటియెనో మొహం కడుక్కోవడానికి వచ్చాడు. దగ్గరనుంచి చూస్తే ఇరవై ఏళ్లు కూడా నిండనట్టు ఉన్నాడు. బెంగుళూరులో నేర్చిన కన్నడంలో, "అక్కా, ఇవత్తు నన్న ఎష్టొత్తు ఆడక్కె బిడ్తారె?" అన్నాడు. కర్ణాటక అంచున ఉన్న కుప్పం పిల్లకు ఆ భాష తెలియనిది కాదు. ఈ రోజు నన్ను ఎంతసేపు ఆడనిస్తారని అడుగుతున్నాడు. ఈ మాట నాతో ఎందుకు? ఏం రాబట్టాలని? ఆమె సగం నిండిన బిందెనే చంకనెత్తుకుని వచ్చేసింది.

ఆట మొదలైంది. టేబుల్ దగ్గర కమలాక్షి పని ఒక్కటే. ఎవరైనా ఫౌల్ చేస్తే, అది అతనికి ఎన్నోదో ఆ అంకె రాసిన చెక్క ఎత్తి జనానికి చూపాలి. ఒకటినుంచి నాలుగుదాకా నల్ల అంకెలు. అయిదు ఎరుపు. ఆ ఎర్రది లేస్తే ఆ ఆటగాడు బయటికి పోవాలి, మళ్లీ లోపలికి రాకూడదు.

ఒటియెనో మొదటి ఫౌల్ నిజమైనదే. తిరగబోయి మోచెయ్యి ఒకడి గెడ్డానికి తగిలించాడు. కమలాక్షి చెక్క ఎత్తేసరికి గ్యాలరీ ఈలలతో లేచింది. ఆ ఈలలు తనకోసమే అన్నట్టు ఆమెకు ఒళ్లు పొంగింది.

రెండోదానికి ఆమె వెంటనే చెక్క అందుకోలేదు. తగిలినట్టు ఆమెకు కనిపించలేదు. తన కళ్లనే అనుమానించుకుని చెక్క ఎత్తింది.

అందరూ బంతిని చూస్తారు. బంతి ఎటు పోతే అన్ని తలలూ అటు తిరుగుతాయి. కమలాక్షిని మనిషిని చూడమన్నారు కాబట్టి ఆమె మనిషినే చూస్తోంది. బంతి రింగు దగ్గర ఉన్నప్పుడు మదనపల్లె జట్టు జయచంద్ర వెనకనుంచి ఒటియెనో నిక్కరు పట్టుకోవడం చూసింది. ఎగరబోయే ముందు అతని పాదం తొక్కిపట్టడం చూసింది. ఒకసారి కాదు, బంతి గాలిలోకి లేచిన ప్రతిసారీ.

మైకులో వకీలు గుమాస్తా చెప్పే ఆట వ్యాఖ్యానం కూడా ఆమె చెవికి కొత్తగా వినిపించసాగింది. జయచంద్ర ఎడమకు పోయినట్టు చేసి కుడికి తిరిగి బంతి వేస్తే, "ఆహా, ఏం తెలివి!" అన్నాడు. అదే పని ఒటియెనో చేస్తే, "అబ్బా, ఏం బలం! అడివి బలం!" అన్నాడు. ఇద్దరూ వేసింది ఒకే అడుగు కదా అనుకుంది కమలాక్షి.

సగం ఆట అయ్యేసరికి ఒటియెనోకు మూడు పడ్డాయి. ముద్దుకృష్ణ కోర్టు అంచునే అరవడం మొదలుపెట్టాడు. "అంత దుడ్డు పోసి నిన్ను తెచ్చింది యాల? పాసులిచ్చేదానికా? ఆ ఆలోచనలన్నీ మావోళ్లు సూసుకుంటారు. నువ్వు రింగు కింద గోడ మాదిరి నిలబడు, ఎగురు. అంతే నీ పని!" ఆ మాటల్లో ఒటియెనోకు ఎన్ని అర్థమయ్యాయో తెలియదు. తలమాత్రం ఊపాడు.

కమలాక్షి మాస్టరుకు నీళ్ల గ్లాసు ఇస్తూ, "సార్... ఆ జయచంద్ర పట్టుకుంటాండాడు సార్. నిక్కరు పట్టుకుని గుంజుతాండాడు" అంది.

ఆయన నీళ్లు తాగడం ఆపలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక అన్నాడు: "నిన్ను సూడమనింది ఎవర్ని?"

"ఆయప్పనే సూస్తా ఉంటే ఇది కనపడింది సార్."

"జయచంద్ర మంచి ఇంటి పిల్లోడు. బుర్రతో ఆడతాడు. వానికి గుంజే ఖర్మేమి? ఈళ్లకు పుట్టుకతోనే మొరటు బలం. రవ్వంత తగిలినా మనోళ్లు ఎగిరి పడతారు." ఆయన నవ్వాడు. "నీకు నేను సెప్పల్లా? బండలు మోసిన ఒళ్లు గదా నీది."

కమలాక్షి గ్లాసు తీసుకుని వచ్చేసింది. ట్రైనింగు కాలేజీలో ఆమె ఈ ఆటే నేర్చుకుంటానని పేరిచ్చింది. అక్కడి మేడం ఆమె చేతులు చూసి, ఊరు అడిగి, "నువ్వు గుండు విసురుపో. ఈ ఆటకు బుర్ర కావాల" అని ఇనపగుండు చేతికిచ్చింది. ఏడాదంతా గుండే విసిరింది. అప్పుడు ఆ మాట నిజమే కాబోలనుకుంది.

రెండో సగంలో ఒటియెనో చేతులు రెండూ పైకెత్తి ఆడాడు. తగల్లేదు, చూడండి, అన్నట్టు. పోలీసులు తుపాకీ గురిపెట్టిన మనిషిలా ఉన్నాడు. అయినా నాలుగోది పడింది. కమలాక్షి ఎత్తింది. ఈసారి ఈలలు ఆమెకు చెవుల్లో సూదుల్లా గుచ్చుకున్నాయి.

ఆట ముగియడానికి ఇంకా కొంత టైముంది. పుంగనూరు రెండు పాయింట్లు ముందుంది. బంతి టేబుల్ వైపు దొర్లుకుంటూ వచ్చింది. ఒటియెనో వంగి అందుకున్నాడు. జయచంద్ర పరుగున వచ్చి ఎడమచేత్తో అతని బనియను పక్కన గుప్పిట పట్టాడు. చర్రుమని కుట్టు విడిపోయిన చప్పుడు కమలాక్షికి వినిపించింది. అంత దగ్గర. జయచంద్ర పట్టు వదిలి, "అమ్మా!" అని అరిచి, తనంతట తాను వెల్లకిలా పడ్డాడు.

విజిల్ మోగింది. మాస్టరు వేలు ఒటియెనో వైపు చాచాడు.

ఒటియెనో వాదించలేదు. టేబుల్ వైపు చూడను కూడా చూడలేదు. చూడాల్సింది ఏమీ లేదన్నట్టు, చిరిగిన బనియను లాక్కుంటూ బెంచీ వైపు నడవసాగాడు.

అతను అట్లా చూడకుండా పోవడం కమలాక్షి చూసింది.

గ్యాలరీ ఈల వేయడానికి వేళ్లు నోట్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎర్ర అంకె లేవలేదు.

"ఎత్తుమ్మే" అన్నాడు మాస్టరు దూరంనుంచి. తర్వాత దగ్గరికి వచ్చాడు. "నిద్రపోతాండావా? అయిదు ఎత్తు."

"ఆయప్ప తగల్లేదు సార్."

"ఏమంటివీ?"

"బనియను పట్టుకునింది జయచంద్ర. నా కండ్ల ముందర్నే."

"సూసేది నా పని. ఎత్తేది నీ పని."

"సూడమనింది మీరే గదా సార్."

చుట్టుపక్కల కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఎంత తినిందో పుంగనూరోళ్ల కాడ!" అని ఎవరో పైకే అన్నారు. ముద్దుకృష్ణ కూడా నోరు తెరిచి ఆమె వైపు అనుమానంగానే చూస్తున్నాడు, ఈ పిల్ల ఎవరి మనిషి అని. మాస్టరు టేబుల్ మీదికి వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"జూన్ నెల మరిసిపోయినావా?"

కమలాక్షికి తండ్రి మెట్టుమీద కూర్చుని ఆయాసపడే చప్పుడు చెవిలో వినిపించింది. ఆమె రెండు చేతులూ ఆ ఎర్ర చెక్కమీద పెట్టి ఒడిలోకి అదుముకుంది.

"మరిసిపోలేదు సార్" అంది. "ఎత్తను."

మాస్టరు చెయ్యి చాచాడు, ఇచ్చెయ్యి అన్నట్టు. ఆ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. అక్కడ, గీత దాటబోతున్న ఒటియెనో, జనం ఈలలు వినపడకపోయేసరికి ఆగి వెనక్కి తిరిగాడు. ఒక కాలు గీతకు బయట, ఒక కాలు లోపల పెట్టి, ఈ అమ్మాయి తననేం చేయబోతోందోనని, ఇందాక కొళాయి దగ్గర ఆమె తనను చూసినంత అనుమానంగా ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు.