వివరాలు లభ్యం కాలేదు

“ఈ పుస్తకంలో ఒప్పులన్నీ నావి. తప్పులేమైనా ఉంటే ప్రూఫులు దిద్దిన మా ఆవిడవి.” మా ఆయన ప్రతి సభలోనూ ఈ మాట అంటారు. జనం గొల్లున నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ముందు వరసలో కూర్చున్న పెళ్లాం నవ్వకపోతే బాగుండదు కదా.

ఆయన రాసింది చదరంగం ఛాంపియన్‌షిప్పుల చరిత్ర. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అందరూ ఆయన్ని రుజువుల మాస్టారు అంటారు. ఒక పాత పోటీలో ఫైనల్ మంగళవారం జరిగిందా, బుధవారమా అని తేల్చడానికి పదకొండు ఉత్తరాలు రాయించారు. రాయించారు అన్నాను, చూడండి. తేల్చింది ఆయన, రాసింది నేను. ఏ సంగతికైనా రెండు ఆధారాలు దొరకాలి. దొరికితే పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడతారు. దొరక్కపోతే చచ్చినా పెట్టరు. మా ఇంట్లో ఆ టిక్కు రాజముద్ర లాంటిది.

నేనూ ఆడినదాన్నే. పెళ్లికి ముందు సంవత్సరం మహిళల ఛాంపియన్‌ని. మగవాళ్ల ఫైనల్ అయిపోగానే పత్రికలవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు, మాది ఎవరూ రాయలేదు. కప్పు కూడా లేదు, గొడుగు ఇచ్చారు. ఆ గొడుగు అత్తగారు చిరిగేదాకా వాడుకున్నారు. నేను ఎత్తులు రాసుకున్న కాగితాలు వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచేశారు. ఒకసారి పాలు పొంగిపోతే, “రాజుకే ఆట కట్టించిందట గానీ పాలగిన్నెకి కట్టించలేకపోయింది మహాతల్లి” అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. అప్పుడూ నేను నవ్వాననే గుర్తు.

పుస్తకంలో నేను గెలిచిన సంవత్సరం రెండొందల పద్నాలుగో పుటలో వస్తుంది, తొమ్మిదో వరస. “ఆ సంవత్సరం మహిళల పోటీ వివరాలు లభ్యం కాలేదు.” ఆ వాక్యాన్ని టైపు చేసింది నేనే. తొమ్మిదేళ్ల కిందట, మొదటిసారి అచ్చుకి వెళ్లేటప్పుడు.

“ఏవండీ, వివరాలు ఇక్కడే ఉన్నాయి కదా, మీకు టీ ఇస్తూ” అన్నాను.

“నోటిమాట రుజువు కాదోయ్. అందర్నీ అడిగాను, దొరకలేదు. లోకానికో న్యాయం, పెళ్లానికో న్యాయమా?”

సిగ్గు విడిచి చెప్తున్నా, నాకు గర్వమేసింది. కట్టుకున్నదానికి కూడా మినహాయింపు ఇవ్వని మనిషి అని. నా గెలుపు పోతే పోయింది, ఆయన నిజాయితీ దక్కిందనుకున్నాను. మనసుని అలా మడిచి అడుగున పెట్టుకున్నాను, కట్టని చీరలాగా.

ఇప్పుడు మూడో ముద్రణ. ఫారాలన్నీ అచ్చయిపోయాయి. చివర అంటించే తప్పొప్పుల పట్టిక ఒక్కటే మిగిలింది. అందులో ఒక తేదీ సరిచూడమన్నారని ఇవాళ పొద్దున పాత ఫైళ్లు దించి దులుపుతున్నాను. ఒక ఫైలు అట్టలోంచి కవరు జారింది. ఆయన ఆఫీసు చిరునామాకి వచ్చింది. ఇంటి ఉత్తరాలన్నీ నా చేతిమీదుగా పోతాయి మరి, ఈ ఒక్కదానికి దారి మార్చారన్నమాట.

“అయ్యా, తమరు అడిగిన మహిళల పోటీకి అంపైరుని నేనే. ఏడు ఆటల్లో ఆరు గెలిచి ఒకటి డ్రా చేసిన అమ్మాయి పేరు కింద రాశాను. చివరి ఆటలో గుర్రాన్ని బలిచ్చి ఆట కట్టించింది. ఆ ఎత్తు చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి ఎత్తులు రాసిన స్కోరుషీటు కార్బన్ కాపీ జతపరిచాను.”

కార్బన్ మీద నా పంతొమ్మిదో ఏటి చేతిరాత, తొందర తొందరగా, కుడివైపుకి వాలిపోతూ. పుట్టింటి పేరుతో సంతకం. ఉత్తరం ఒక ఆధారం, స్కోరుషీటు రెండోది. ఉత్తరంలో నా పేరు పక్కన ఎర్ర పెన్సిలు టిక్కు. తేదీ మొదటి ముద్రణకి ఐదు నెలల ముందుది.

దొరక్క రాయలేదంటే నేను ఇంకో తొమ్మిదేళ్లు నవ్వుకుంటూ కూర్చునేదాన్ని. మర్చిపోయారంటే తిట్టి ఊరుకునేదాన్ని. ఈయన వెతికారు, దొరికింది, నిజమని తేల్చుకుని టిక్కు పెట్టారు. పెట్టాక, లభ్యం కాలేదని నాకు చెప్పి నా చేతే టైపు చేయించారు. నా వేళ్లతో నన్నే చెరిపించారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టొచ్చు, ఇల్లు దులిపే మనిషికి ఓపికుంటే చాలు.

టీ పక్కన ఉత్తరం పెట్టాను. ఆయన ఉలిక్కిపడను కూడా లేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఓ, ఇదా. పెళ్లాం పేరు ఎక్కిస్తే ఏమంటారు? ఇంటిమనిషిని మోస్తున్నాడంటారు. పుస్తకం మీద నమ్మకం పోదూ?”

“మరి నిజం?”

“నిజం ఎక్కడికి పోతుందోయ్, మనింట్లోనే ఉంది కదా! పట్టిక టైపు చేసి ప్రెస్సులో ఇచ్చిరా. ఈ టీ చల్లారింది, కాస్త వేడి చెయ్యి.”

టీ అక్కడే వదిలేసి వెళ్లి టైపు చేశాను. ఆయన చెప్పిన తేదీ, రెండు అచ్చుతప్పులు, ఒక ఇంటిపేరు దిద్దాను. ఆఖర్న ఇంకొకటి చేర్చాను. ఉత్తరం, కార్బన్ కాపీ చేతిసంచిలో పెట్టుకుని ప్రెస్సుకి నడిచాను.

ప్రెస్సాయన సిరా చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. వరసగా గొణుక్కుంటూ చదువుతూ ఆఖరి దాని దగ్గర ఆగాడు. ఈసారి పైకి చదివాడు.

“పుట 214, వరస 9. ‘లభ్యం కాలేదు’ అని ఉన్నచోట ‘దాచాను’ అని చదువుకోగలరు. విజేత...” నా పాత ఇంటిపేరుతో సహా పేరంతా చదివి, నా మొహంలోకి చూశాడు.

“ఎవరమ్మా ఈవిడ?”

“నేనే.”

అతను ఆఖరి వరస మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఇది సారు చూశారామ్మా?” అన్నాడు.

సంచిలోంచి ఉత్తరం తీసి బల్లమీద పరిచాను.

“ఎప్పుడో చూశారండీ. ఇదిగో, టిక్కు కూడా పెట్టారు.”