సీమోను వయసు, గిడ్డయ్య ఇల్లు

దూది మూట వీపు మీద ఉండగానే గుమాస్తా పిలిచాడు. మూట దించేదాకా ఆగుదామన్న ఇంగితం ఆదోనిలోని ఆ ప్రెస్సు మిల్లులో ఎవరికీ ఉండేది కాదు. గిడ్డయ్య అట్లాగే వంగి నిలబడి, దగ్గు ఆపుకుంటూ విన్నాడు.

"గిడ్డయ్యా, పుస్తకం ప్రకారం నీకీ నెలాఖరుకు అరవై నిండుతాయి. ఒకటో తేదీ నుంచి రావద్దు."

"నాకు అరవై యాడివి సామీ?"

"నన్నడిగితే ఏం సెప్పేది? చేరిన దినం నలభై మూడని రాసినారు. పదిహేడు కలుపుకో."

రాసిన మాట నిజమే. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో అతను చేరిన రోజు, అప్పటి గుమాస్తా చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు చూసి ఆ అంకె వేసుకున్నాడు. చెప్పడానికి గిడ్డయ్యకు వయసు తెలియదు, అడగడానికి ఆయనకు తీరిక లేదు.

రెండేళ్ళ కింద సమ్మె చేసి కూలీల సంఘం ఒక ఒప్పందం రాయించింది. ఇరవై సీజన్లు పనిచేసినవాడు మానేటప్పుడు, సీజనుకు సగం నెల కూలి లెక్కన మొత్తం చేతికిస్తారు. నెలకు నలభై రూపాయలు తెచ్చుకునేవాడికి అది నాలుగు వందలు. పంతొమ్మిది చేసినవాడికి గుండు సున్న. గిడ్డయ్యవి పదిహేడయ్యాయి. ఆ డబ్బుతో భార్య సుంకమ్మ కంటి పొర తీయించాలని, ఒక పాడి ఎనుము కొనుక్కుని ముసలితనం గడుపుకోవాలని ఇద్దరూ అనుకుని ఉన్నారు. ఉన్న ఒక్క కూతురు మద్దికెరలో కూలి చేసుకుంటోంది. దాని కడుపు నిండటమే గగనం.

"వయసు తప్పని కాయితమేదన్నా ఉంటే తే, చూస్తాం" అని గుమాస్తా వెళ్ళిపోయాడు. గిడ్డయ్య అప్పుడు మూట దించాడు.

అతని పుట్టుక రాసిన కాగితం ప్రపంచం మొత్తానికి ఒక్కచోటే ఉంది, ఊళ్ళో మిషను గుడిలో. వాళ్ళ గేరిలో, ఆ హరిజనవాడలో, అందరికీ రెండేసి పేర్లు. ఇంట్లో తాత పేరో అవ్వ పేరో పెడతారు, గుడిలో బాప్తిస్మం పేరు పెడతారు. ఇంట్లో సుంకమ్మ గుడిలో కృపమ్మ. గిడ్డయ్య ఆదివారం పూట సీమోను. ఇందులో దాపరికం లేదు, మోసం లేదు. ఏ పేరుతో పిలిచినా పలికి యాభై ఏళ్ళు బతికారు.

పాస్టరు ఏసన్న పాత పుస్తకం దుమ్ము దులిపి, వేలితో వరసలు వెతికాడు.

"ఇదో. సీమోను, మూడు నెలల బిడ్డ, పంతొమ్మిది వందల సంవత్సరం. నీకు యాభై ఆరే సీమోనూ."

"యాభై ఆరేనా అయ్యా?"

"అరవైకి ఇంకా నాలుగేండ్లుండాది" అని ఏసన్న నకలు రాసి ముద్ర వేసిచ్చాడు.

తన వయసెంతో గిడ్డయ్యకు తెలియడం అదే మొదలు. పోయిన నాలుగేళ్ళు దారిలో దొరికినంత సంబరపడ్డాడు పాపం. మర్నాడు పొద్దున్నే గుమాస్తా ముందు ఆ కాగితం పెట్టాడు.

"ఈ సీమోను ఎవరు?"

"నేనే సామీ."

"నా పుస్తకంలో గిడ్డయ్య ఉన్నాడు. ఇద్దరూ ఒకరేనని మీ ఊరి కరణంతో రాయించుకోని రా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు. మిగిలింది కరణం.

సుంకమ్మను తోడు తీసుకుని గిడ్డయ్య కరణం అరుగు ముందుకు పోయి, మెట్టు కింద నిలబడ్డాడు. కరణం శ్రద్ధగానే రాశాడు. "ఈ ఊరి కాపురస్తుడు గిడ్డయ్య అనువాడును, పుట్టుకతో కిరస్తానీ అయిన సీమోను అనువాడును ఒక్కడే" అని చదివి వినిపించాడు. అరుగు మీద నుంచే వంగి, గిడ్డయ్య బొటనవేలికి తగలకుండా సిరా డబ్బా ముందుకు నెట్టాడు. గిడ్డయ్య వేలు అద్దుకున్నాక అన్నాడు:

"వేసే ముందు ఒక మాట విను. తర్వాత నన్ననుకుంటే లాభం లేదు. నీ ఇంటి జాగా మూడు సెంట్లు సర్కారు హరిజన గిడ్డయ్యకు ఇచ్చింది, కిరస్తానీ సీమోనుకు కాదు. కిరస్తానీలు హరిజనుల లెక్కలో రారు. ఈ కాయితం నా దస్తరంలో చేరితే తాసీల్దారుకు రాయాల్సినవాణ్ణే. పక్కూర్లో ఇద్దరి పట్టాలు అట్లే రద్దయినాయి."

గిడ్డయ్య వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆ మూడు సెంట్లలో రెండేళ్ళుగా ఆలుమగలు ఒక్కొక్క రాయీ మోసుకొచ్చి గోడలు లేపారు. మొన్న ఉగాదికే మిద్దె కప్పారు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఒకరి పశువుల కొట్టంలో మూల చూసుకుని బతికారు.

"రద్దయితే ఊరికే పోతాది" అన్నాడు కరణం ఇంకాస్త మెత్తగా. "ముందే వదులుకుంటానని రాసిస్తే మా బామ్మర్దితో నూరు రూపాయలిప్పిస్తా. రోడ్డు పక్క జాగా, అంగడికి పనికొస్తాది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సీమోను అంటే నాలుగు వందలు వస్తాయి, తల దాచుకోవడానికి ఇల్లుండదు. గిడ్డయ్య అంటే ఇల్లుంటుంది, అందులో పొయ్యి వెలగదు. అరవై దగ్గర పడ్డ మనిషిని నువ్వు ఇద్దరు మనుషులు, ఒకణ్ణి చంపుకో అంటున్నారు.

"ఏం సేద్దాము?" అంది సుంకమ్మ. గిడ్డయ్య కరణం వైపు తిరిగాడు.

"సామీ, ఒకటి అడుగుతా" అన్నాడు. "సీమోను హరిజనుడు కాదంటావు కదా."

"రూలు అట్లుంది."

"అట్లయితే నన్నీ మెట్టు కింద ఎందుకు నిలబెట్టినావు?"

కరణం కాగితం మీదికి తల వంచుకున్నాడు. "అది వేరే, ఇది వేరే. వేలు వేస్తావా, వేయవా?"

"వేయను."

గిడ్డయ్య మెట్టు ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మెట్టు మీద కాలు పెట్టడం అదే. పోయి అరుగు చివర కూర్చుని, సిరా వేలు దేనికీ అంటకుండా పైకి పట్టుకున్నాడు.

"నా వయసు నాకు రాసియ్యి. నా ఇల్లు నాకుండనియ్యి. అంతదాకా ఈడనే కూసుంటా."

"లెయ్యిరా" అన్నాడు కరణం, గొంతు మారిపోయి.

"ఎవుర్ని లెమ్మంటాండావు సామీ? గిడ్డయ్యనా, సీమోనునా?"

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. సుంకమ్మ చేత్తో మెట్టు తడుముకుంటూ తానూ పైకి ఎక్కసాగింది.