రెండో అంతస్తులో కుర్చీ

శనివారం అంటే కిష్టమ్మకు గిట్టదు. వారంలో మిగతా ఆరు రోజులూ ఖాజాగూడ చెరువు వెనక ఉన్న ఆ ఆడపిల్లల హోంలో ఆమె మాటే చెల్లుతుంది. పొద్దున లేపేది ఆమె, జడలు వేసేది ఆమె, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది ఆమె. జీతం కాగితంలో హౌస్ మదర్ అని రాస్తారు గాని పిల్లలు అమ్మా అనే పిలుస్తారు, అదీ నలభై మంది. కానీ శనివారం పది గంటలయ్యేసరికి గేటు ముందు తెల్లకారు ఆగుతుంది. అందులోంచి హరిత దిగుతుంది. ఇక సాయంత్రం దాకా పిల్లల నోట "హరితక్క చెప్పింది" తప్ప ఇంకో మాట వినపడదు.

హరిత కర్నూలు అమ్మాయి. మాదాపూర్‌లో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. పద్దెనిమిది నిండి హోం వదలాల్సిన పిల్లలకు బయట ఎలా బతకాలో నేర్పడానికి తనంతట తానే వస్తుంది, పైసా తీసుకోదు. బ్యాంకులో ఫారం నింపడం, కిరాయికి గది వెతుక్కోవడం, ఒక్క మనిషికి సరిపడా వండుకోవడం, వద్దనాల్సిన చోట వద్దనడం, ఇవన్నీ ఆమె పాఠాలు. మంచి పనే. మంచి పని కాబట్టే కిష్టమ్మకు మరీ ఒళ్లు మండేది. చెడ్డ మనిషైతే నలుగురిలో నాలుగు మాటలు అని కడుపుబ్బరం తీర్చుకోవచ్చు. ఇంత మంచి మనిషిని ఏమని తిట్టుకోవాలి?

అయినా సాకులు దొరక్కపోలేదు. "ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు" అని హరిత బోర్డు మీద రాసిన రోజు, కిష్టమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మూతి తిప్పింది. తను నలభై మందికి వండుతుంది, ఏనాడూ గ్లాసు పట్టి ఎరగదు. ఆ రోజు నవనీత అనే పిల్ల బియ్యం, పప్పు అన్నీ గ్లాసుతో కొలిచి, ఉప్పు దగ్గరికి వచ్చేసరికి కిష్టమ్మ నేర్పిన అలవాటు కొద్దీ పిడికిలి నిండా వేసింది. ఆ పప్పు వాకిట్లో కుక్క కూడా ముట్టలేదు. పిల్లలందరూ పడిపడి నవ్వారు, హరితా నవ్వింది. కిష్టమ్మ నవ్వలేదు గాని, ఆ పూటంతా ఆమెకు కడుపులో చల్లగా ఉంది.

అసలు గొడవంతా ఈ నవనీతతోనే. ఏడేళ్లప్పుడు ఒక పోలీసమ్మ తెచ్చి వదిలివెళ్లింది. తల నిండా పేలు, నోట్లో మాట లేదు. కిష్టమ్మ కొంగు పిడికిట్లో ఉంటే తప్ప నిద్రపోయేది కాదు. అలా పదకొండేళ్లు గడిచాయి. నలభై మందిలో ఏ ఒక్కరినీ ఎక్కువ చేయకూడదని సూపరింటెండెంట్ మేడం ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా కిష్టమ్మ బుద్ధిగా తలూపింది, మీగడ మాత్రం నవనీత గిన్నెలోకే వెళుతూ వచ్చింది.

అలాంటి పిల్ల నోట్‌బుక్ పట్టుకుని హరిత ఎదురుగా మొదటి బెంచీలో కూర్చుంటే కిష్టమ్మకు మోకాళ్ల నొప్పులు పుట్టుకొచ్చాయి. నిజం చెప్పాలంటే పుట్టలేదు. నిక్షేపంలాంటి మోకాళ్లు అవి. కానీ శనివారం పదీ పావుకల్లా ఆమె మంచం మీద కాళ్లు చాపి మూలిగేది, ఎవరో వెళ్లి చెప్పేవారు, నవనీత క్లాసు వదిలి నూనె సీసాతో పరుగెత్తుకొచ్చేది. మోకాలి చిప్ప చుట్టూ బొటనవేలితో మెల్లగా రుద్దుతూ, "ఇప్పుడెట్లున్నదమ్మా?" అని అడిగేది. కిష్టమ్మ కళ్లు మూసుకుని, "ఇంక జర రుద్దు బిడ్డా" అనేది. మూడు శనివారాలు అలా గడిచాయి. నాలుగో శనివారం హరితే స్వయంగా మంచం దగ్గరికి వచ్చి, "అమ్మా, రేపు డాక్టరుకు చూపిస్తాను, నా కార్లోనే పోదాం" అనేసరికి నొప్పి కొంచెం నయమైందని చెప్పాల్సి వచ్చింది.

నవనీతకు మాదాపూర్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని దొరికింది. బోరబండలో, మూడో అంతస్తులో ఒక గది చూశారు. ఆ హోంలో ఒక పద్ధతి ఉంది. పిల్లను ఒకేసారి బయటికి పంపరు. ముందు ఒక వారం ఆ గదిలో ఒంటరిగా ఉంచుతారు. ఏడో రోజు హౌస్ మదర్ వెళ్లి చూసి, ఒంటరిగా ఉండగలదు, ఉండలేదు అని రెండు గళ్లున్న కాగితంలో ఏదో ఒకదానికి టిక్కు పెట్టి సంతకం చేయాలి. నేర్పిన మనిషి సంతకం అప్పటికే ఉంటుంది. ఈసారి హరిత సంతకం ఉంది, ఇంగ్లీషులో, వంకరలు తిరిగి.

"మీకు కనపడేవి మాకు కనపడవు కిష్టమ్మా. మీరు వద్దంటే ఇంకో ఆర్నెల్లు ఇక్కడే పెట్టుకుందాం, తొందరేం లేదు" అంది మేడం కాగితం చేతికిస్తూ.

ఆర్నెల్లు. ఆ మాట కిష్టమ్మ మనసులో చాప వేసుకుని కూర్చుంది.

నవనీత గదికి బయల్దేరిన ఆదివారం ఇంకొకటి జరిగింది. గేటు దగ్గర హరిత కారు ఆగి ఉంది. కిష్టమ్మ టిఫిను డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది. నవనీత సంచిలోంచి ఓనరు ఇచ్చిన రెండు తాళంచెవులు తీసింది. ఒకటి తన దగ్గరుంచుకుని రెండోది ఎవరికైనా నమ్మకస్తులకు ఇవ్వాలన్నది హరిత పాఠమే, కిష్టమ్మ గుమ్మంలోంచి విన్నది. అందుకే చేయి కొంచెం ముందుకు చాచింది. నవనీత ఆ చేతిని చూడలేదు. రెండో తాళంచెవి హరిత చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచుకో అక్కా" అంది. చాచిన చేతిని ఏం చేయాలో తెలియక కిష్టమ్మ దాంతో కొంగు సర్దుకుంది.

ఆ వారమంతా ఆమెకు తిండి సయించలేదు. కుళ్లు అది, దానికి మర్యాదైన పేరు పెట్టి లాభం లేదు. పేలు తీసింది ఎవరు, కొంగు ఇచ్చింది ఎవరు, శనివారం శనివారం కారేసుకుని వచ్చి బోర్డు మీద రాసిపోయే మనిషికి తాళంచెవి ఏమిటి? నలభై మందికి జడలు వేస్తూ ఆమె లోలోపల ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసింది. లాగి లాగి వేస్తుంటే పిల్లలు అబ్బా అబ్బా అన్నారు. శుక్రవారానికల్లా ఒక నిర్ణయానికి వచ్చింది. గదిలో ఒక్క తప్పు కనపడితే చాలు. ఒక్కటి. ఆర్నెల్లు ఎటూ పోవు.

ఏడో రోజు మధ్యాహ్నం రెండు ఆటోలు మారి బోరబండలో దిగింది. కాగితం రవికలో ఉంది, పెన్ను చేతిసంచిలో ఉంది. ఆ ఇంటి మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. కిష్టమ్మ మోకాళ్లకు ఏ జబ్బూ లేదు గాని వయసు యాభై ఆరు, పైగా ఎండ. రెండో అంతస్తు చేరేసరికి ఆయాసం వచ్చింది. అక్కడ మెట్ల మలుపులో ఎవరిదో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని కూర్చుంది. ఇంత ఎత్తున గది చూసిపెట్టినందుకు హరితను కూర్చున్నంతసేపూ తిట్టుకుంది. ప్రాణం కుదుటపడ్డాక లేచి మిగతా మెట్లు ఎక్కింది.

తలుపు చేరవేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. గొళ్లెం పెట్టలేదు. ఒకటి, అనుకుంది కిష్టమ్మ. లోపల పొయ్యి మీద గంజు నిండా అన్నం, కనీసం పదిమందికి సరిపోయేంత. రెండు. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే ఒక్క క్షణం తనమీద తనకే సిగ్గేసింది.

పొయ్యి దగ్గర నవనీత వెనక్కి తిరిగింది. చేతిలో గరిటె ఉంది. అమ్మను చూడగానే ఆ పిల్ల ముఖం వెలగలేదు. ఏదో పాడైపోయినట్టు చిన్నబోయింది.

"అప్పుడే వచ్చినవా అమ్మా?"

"గొళ్లెం లేకుంట కూసున్నవు. ఎవడన్న తోసుకొని వస్తె ఏం జేస్తవే? గిదేనా మీ హరిత మేడం నేర్పింది?"

నవనీత గరిటె కింద పెట్టింది. చున్నీ అంచు నలిపింది.

"ఒకటడుగుత, కోపం జెయ్యకు. జర బయటికి పోయి తలుపు కొట్టి రా అమ్మా."

"నన్ను బయటికి పొమ్మంటున్నవా?"

"పోయి రమ్మంటున్న."

కిష్టమ్మ బయటికి వచ్చింది. వెనక గొళ్లెం పడిన చప్పుడు స్పష్టంగా వినపడింది. పదకొండేళ్లలో ఆమె ఆ పిల్ల ముందు ఒక్క తలుపూ కొట్టి ఎరగదు. హోంలో పిల్లల గదులకు తలుపులున్నాయి గాని గొళ్లేలు లేవు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తోసుకుని వెళ్లడమే. ఇప్పుడు హరిత దగ్గర తాళంచెవి, తను తలుపు బయట. ముఖం భగ్గుమంది. అటునుంచి అటే మెట్లు దిగి పోదామని రెండు మెట్లు దిగింది కూడా. పోతే పోయింది, ఉండలేదని ముఖం మీద చెప్పి మరీ టిక్కు పెడతాననుకుని వెనక్కి వచ్చి తలుపు దబదబా బాదింది.

"ఎవరు?" అంది లోపల్నుంచి నవనీత.

"నేను."

"నేనంటే ఎవరు? పేరు చెప్పాలె."

"అమ్మను" అందామనుకుంది కిష్టమ్మ. ఆ హోంలో ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్లే అమ్మ, తను సెలవు పెడితే వచ్చే ఇంకో ఆమె కూడా అమ్మే. ఆ మాట చెప్తే ఈ తలుపు తెరుచుకుంటుందో లేదో ఆమెకు నిజంగా తెలియలేదు.

"కిష్టమ్మను" అంది చివరికి, గొంతు తగ్గించి. "ఖాజాగూడ కిష్టమ్మను."

గొళ్లెం తీసిన చప్పుడైంది. గుమ్మంలో నవనీత నిలబడి ఉంది. ఆ కాస్త సేపట్లోనే ముఖం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది.

"రా అమ్మా, లోపలికి రా. కూసో." చాప పరిచి, చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. "మా ఇంటికి ఫస్టు వచ్చింది నువ్వే."

కిష్టమ్మ చెంబు ఎత్తలేదు. వారం రోజులుగా లోపల దాచుకున్న మాట బయటికొచ్చింది. "నేనెందుకు ఫస్టు? చాబి ఆమెకిస్తివి గదా."

"నాకు జరం వచ్చి లేవలేకపోతె, బాత్‌రూంల జారిపడితె బయట నుంచి చాబితోని గొళ్లెం తీసెటోళ్లు ఉండాలె గదా. అక్కకు కారున్నది, పది నిమిషాల్ల వస్తది. గందుకే ఇచ్చిన." నవనీత ఎదురుగా కూర్చుంది. "నీకు చాబి ఇస్తె నువ్వే తీసుకొని లోపలికొస్తవు. పదకొండేండ్లు నాకు అన్ని తలుపులు నువ్వే తీస్తివి. ఒక్కపారన్న నీకు నేను తియ్యాలనుకున్న. పొద్దటి సంది గదే అనుకుంటున్న, నువ్వేమో కొట్టకుంటనే వచ్చినవు."

"గొళ్లెం మరి?"

"కింద కుర్చీ పెట్టి ఉరికొచ్చిన, మరిచిన. నిజంగ తప్పే." నవనీత ముందుకు వంగి ఆమె మోకాలి మీద చేయి వేసింది. "కూసున్నవా కుర్చీల? కింది అంతస్తుల గది దొరుకుతదేమోనని ఓనర్ను చాన అడిగిన. లేదన్నడు. మోకాళ్లతోని నువ్వు ఇన్ని మెట్లు ఎట్లెక్కుతవని, కుర్చీ అన్న పెడ్తనని అడిగి పెట్టిన. ఇగ అక్కడ్నే ఉంటది, ఎప్పుడొచ్చినా కూసోవచ్చు."

కిష్టమ్మ నీళ్లు తాగింది. సగం గొంతులోకి, సగం రవిక మీదికి పోయాయి.

"బిడ్డా, నా మోకాళ్లు..."

"నొస్తున్నయా? నూనె తేవాల్నా?"

చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఆ పిల్ల అప్పుడే సీసా కోసం లేవబోతోంది. "జర నొస్తున్నయి" అంది కిష్టమ్మ. "ఇప్పుడొద్దు. ముందు బువ్వ పెట్టు."

అన్నం పెట్టింది, పప్పు పోసింది. ఇంత ఎందుకు వండావని అడిగితే, గ్లాసుతో కొలిస్తే కిష్టమ్మ చేతివంట రుచి రావడం లేదని, ఈ రోజుకు చేత్తోనే వేశానని, మిగిలింది పెడతానని పక్క గదులవాళ్లకు ముందే మాటిచ్చానని చెప్పింది. ఉప్పు సరిగ్గా ఉంది. కిష్టమ్మ రెండోసారి వేయించుకుంది.

చేయి కడుక్కున్నాక కాగితం తీసి ఒళ్లో పెట్టుకుని, ఉండగలదు అన్న గడిలో టిక్కు పెట్టింది. హరిత సంతకం పక్కన తన పేరు తెలుగులో, దానికంటే కొంచెం పెద్ద అక్షరాలతో రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది. కొంత నవనీత పోతున్నందుకు, ఎక్కువ ఆ మోకాళ్ల గురించి.

"వచ్చే ఆదివారం హరితక్కను గూడ పిలుస్త" అంది నవనీత, ఆ కాగితం వంక మెరిసే కళ్లతో చూస్తూ.

"పిలువు" అంది కిష్టమ్మ. "ఆమెకు గ్లాసు కొలతతోనే వండు."

వెళ్లేటప్పుడు నవనీత మెట్ల పక్క పిట్టగోడకు ఆనుకుని కిందికి వంగి చూస్తూ నిలబడింది. చూస్తోంది కాబట్టి కిష్టమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగుతూ, కుంటుతూ దిగింది. రెండో అంతస్తు మలుపులో ఎర్ర కుర్చీ దగ్గరికి రాగానే నడుం మీద చేయి పెట్టి, పైకి వినపడేలా మూలిగి, కూర్చుంది. తాళంచెవి హరిత దగ్గరుంది, ఉండనీ. ఈ కుర్చీ మాత్రం హరిత కోసం వేసింది కాదు.

"మెల్లగ పో అమ్మా" అంది పైనుంచి నవనీత.

కిష్టమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇంకాసేపు అక్కడే కూర్చుంది.