నల్ల గొట్టం ముక్క

జరఫ్షాన్ నది పక్కన మాది పత్తి ఊరు. ఊళ్ళో నూనె మిల్లు ఉంది. అందులో ముప్ఫై ఏళ్ళు పంపులకు గొట్టాలు మార్చాను.

పత్తి గింజను పిండాక మిగిలే పిప్పి చెక్కలో ఇంకా కొంత నూనె ఉంటుంది. దాని మీద పెట్రోలు లాంటి బెంజిన్ పోసి ఆ నూనెను లాగుతారు. ఆ బెంజిన్‌ని తోసే పంపుల్లో చక్రం తిరుగుతూ రబ్బరు గొట్టాన్ని నొక్కుతుంటుంది. నొక్కిన కొద్దీ లోపల ఉన్నది ముందుకు పోతుంది. గొట్టం బెంజిన్‌కి ఓర్చేదైతే నెలల తరబడి వస్తుంది. ఓర్చనిదైతే వారంలో ఉబ్బి చిరుగుతుంది.

ఏ గొట్టం తెప్పించాలో నన్నే అడిగేవాళ్ళు. నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి, పట్టికలు చదవలేను. గొట్టం ముక్కను గ్లాసుడు బెంజిన్‌లో వేసి, ఓ గిన్నెడు టీ తాగి వచ్చి, తీసి వేళ్ళతో నలిపేవాణ్ణి. గట్టిగా ఉంటే మంచిది, మెత్తబడితే చెత్త. అంతే నా పరీక్ష. అది ఎన్నడూ తప్పలేదు. పెద్దా చిన్నా అందరూ నన్ను ఉస్తా అని పిలిచేవాళ్ళు. మా దగ్గర పనిలో చెయ్యి తిరిగినవాణ్ణి అలా అంటారు.

ఒక ఏడు శీతాకాలం చివర మిల్లులో కొత్త గది కట్టారు. పత్తి గింజలో పసుపు పదార్థం ఒకటి ఉంటుంది. మందుల వాళ్ళకి అది కావాలట. దాన్ని లాగడానికి బెంజిన్ కాదు, అసిటోన్ వాడాలి. ఆ పని చూడ్డానికి సమర్‌ఖండ్ నుంచి ముహయ్యో అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. సన్నగా ఉండేది, చేతిలో ఎప్పుడూ నోటుపుస్తకం.

వచ్చిన వారానికే నా దగ్గరికి బూడిద రంగు గొట్టం ఒకటి పట్టుకొచ్చింది.

"ఉస్తా, కొత్త గదికి ఇది పెడదామా? అసిటోన్‌కి మీ నల్లది పనికిరాదేమోనని నా అనుమానం."

టీ వేళ. పదిమంది కూర్చుని ఉన్నారు. నేను ఆ బూడిద గొట్టాన్ని చూశాను. చవక సరుకులా, సైకిలు ట్యూబులా ఉంది. ముక్క కోసి గ్లాసులో బెంజిన్ పోసి వేశాను. టీ అయ్యేసరికి అది ఉబ్బి జావలా తయారైంది.

పర్దా అనేవాడు ఉన్నాడు, నోరు ఊరుకోదు. ఆ ముక్కని రెండు వేళ్ళతో పైకెత్తాడు. "అమ్మాయ్, ఇది గొట్టమా, నానబెట్టిన రొట్టెనా? దంతాల్లేని మా అవ్వకి పట్టుకెళ్తా!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "మీరు బెంజిన్‌లో వేశారు ఉస్తా. నేను అడిగింది అసిటోన్ గురించి."

"బెంజిన్‌కి ఓర్చేది దేనికైనా ఓరుస్తుంది అమ్మాయ్. నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్నాను."

"అయితే రెండింటినీ అసిటోన్‌లో వేసి చూద్దాం. ముందు తూస్తాను, తర్వాత తూస్తాను. ఉబ్బితే బరువు పెరుగుతుంది కదా."

మిల్లు పెద్ద ఇల్హోం అక్కడే ఉన్నాడు. "సరే, నవ్రూజ్ పండగ సెలవులు నాలుగు రోజులు నాననీ. సెలవులు కాగానే పంపు మొదలవ్వాలి, గుర్తుంచుకో" అన్నాడు.

ముహయ్యో వేలెడంత నల్ల ముక్క, వేలెడంత బూడిద ముక్క తూచి, రాసుకుని, రెండు సీసాల్లో వేసి మూతలు బిగించింది. వాటిని కిటికీలో పెట్టి పండగకి వాళ్ళ ఊరెళ్ళింది.

సెలవులు అయిన రోజు పొద్దున్నే నేను అందరికన్నా ముందు మిల్లుకెళ్ళాను. చక్రాలకు నూనె పెట్టాలి అనుకుని వెళ్ళాను. అబద్ధం. సీసాలు చూడ్డానికే వెళ్ళాను.

బూడిద ముక్క వేసింది వేసినట్టే ఉంది. నా నల్ల ముక్క సీసాలో వంకర తిరిగి, జలగలా లావెక్కి ఉంది. బయటికి తీసి నొక్కితే వేలు దిగిపోయింది.

టీ గిన్నెల చుట్టూ ఆ నవ్వు గుర్తొచ్చింది. ఈసారి అది నా మీద. పర్దాగాడు ఏమంటాడో కూడా వినపడింది. ఆ ముక్కని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. నల్ల గొట్టం చుట్టలోంచి కొత్త ముక్క, అంతే పొడవు, కోసి సీసాలో వేశాను. మూత బిగించాను. ముప్ఫై ఏళ్ళలో అంత వేగంగా ఏ పనీ చెయ్యలేదు.

అరగంటకి ముహయ్యో వచ్చింది. పండగ హల్వా తెచ్చి ముందు నా చేతిలో పెట్టింది. తర్వాత ముక్కలు తీసి, తుడిచి, తూచింది. మళ్ళీ తూచింది. పుస్తకం చూసుకుంది.

"కొంచెమే పెరిగింది," అంది మెల్లగా. "నేను చదివింది వేరే." ఇంకోసారి తూచి పెన్సిలు కింద పెట్టింది. "నాదే పొరపాటు ఉస్తా. అందరి ముందు మిమ్మల్ని కాదన్నాను, ఏమనుకోకండి. రెండూ ఓర్చేటట్టయితే మీరన్నదే పెడదాం."

అప్పుడు చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. హల్వా నా నోట్లో ఉంది. తలూపి ఊరుకున్నాను.

నల్ల గొట్టం పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం అది చక్రం కింద చిట్లింది. పంపు దగ్గర నిలబడ్డ సలోమత్ ముఖం మీద అసిటోన్ పడింది. ముగ్గురు పిల్లల తల్లి. "కళ్ళు, నా కళ్ళు!" అని ఆవిడ కేకలు పెడుతుంటే మగవాళ్ళం కట్టెల్లా నిలబడ్డాం. ముహయ్యోయే పరిగెత్తి ఆవిడ తల కుళాయి కింద పెట్టి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, నీళ్ళు పోస్తూనే ఉంది. దేవుడి దయ, చూపు పోలేదు. పది రోజులు కట్టుతో ఉంది.

గొట్టం ఎవరు ఎంచారని అడిగారు. ఇల్హోం ముహయ్యో పుస్తకం తెరిపించాడు. నల్ల ముక్క అసిటోన్‌కి ఓరుస్తుందని అందులో ఆమె చేత్తోనే రాసి ఉంది. తూకం సరిగా వెయ్యడం రాదని కాగితం రాసి, వెనక్కి పంపేస్తామన్నాడు. అలాంటి కాగితంతో వెళ్తే ఇంకెక్కడా ఆమెను త్రాసు ముట్టుకోనివ్వరు.

"ఎక్కడ తప్పు తూచానో నాకే తెలియడం లేదు," అంది ముహయ్యో. ఖాళీ త్రాసు మీద అవే రాళ్ళు పెట్టి తీస్తూ, పెట్టి తీస్తూ కూర్చునేది. అది చూసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు ఇల్హోం గదికెళ్ళి తలుపు వేసి, జరిగిందంతా చెప్పాను.

వాడు మా వీధివాడే, నా కన్నా పదిహేనేళ్ళు చిన్న. లేచి, తలుపు సరిగా పడిందో లేదో చూసి వచ్చాడు.

"ఉస్తా, మీరు ఇది నాకు చెప్పలేదు, నేను వినలేదు."

"అదేంట్రా ఇల్హోం? ఆ పిల్ల ఏం చేసిందని?"

"ఇంకో రెండు నెలల్లో మీ ఉద్యోగం అయిపోతుంది, పట్టుబట్ట కప్పి సన్మానం చేసి పంపిస్తాం. మీలాంటి తెల్లగడ్డం పెద్దాయన మీద కాగితం రాస్తే ఈ ఊళ్ళో నా ముఖాన ఉమ్మేస్తారు. ఆ పిల్ల చిన్నది. ఎక్కడో ఓ చోట పని దొరుకుతుంది. వెళ్ళి టీ తాగండి."

నా గడ్డాన్ని చూసి వదిలేశాడు. నన్ను తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

మర్నాడు భోజనాల వేళ లేచి నిలబడ్డాను. ముహయ్యో ఓ మూల ఒక్కతే కూర్చుని ఉంది. "సీసాలో ముక్క మార్చింది నేను," అన్నాను. "ఉబ్బిన ముక్క తీసి దాచేశాను. ఆ పిల్ల తూకం సరిగ్గానే తూచింది."

ఎవరూ తలెత్తలేదు. అందరూ గిన్నెల్లోకే చూస్తున్నారు. పర్దా, ఆ వాగుడుకాయ పర్దా, మెల్లగా అన్నాడు. "ఉస్తా అలసిపోయారు. సలోమత్ సంగతి మనసులో పెట్టుకుని బాధపడుతున్నారు. కూర్చోండి ఉస్తా." ఎవరో నా గిన్నెలో టీ పోశారు. ఇంకెవరో ఈసారి వానల గురించి మొదలెట్టారు.

నేను నిజం చెప్తే నమ్మేవాళ్ళు లేకపోయారు. నన్ను కాపాడుతున్నామనుకున్నారు.

ముహయ్యో ఒక్కతే లేచింది. పుస్తకం పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. కోపం లేదు ముఖంలో. కోపం కోసమే వెతికాను నేను.

"ఎంత ఉబ్బింది ఉస్తా?"

"చాలా."

"చాలా అంటే రాసుకోలేను. ఆ ముక్క ఉందా?"

"కాలవలో పారేశాను."

"పోనీ, లావు ఎంత?"

వేళ్ళతో చూపించబోయాను. ఒకసారి బొటనవేలంత చూపించాను, ఒకసారి ఇంకా ఎక్కువ. చూడగానే దాచేశాను కదా, సరిగా చూసిందెక్కడ? ఆమె నా వేళ్ళ వైపు చూసి పెన్సిలు చెవి మీద పెట్టుకుంది.

"వద్దులెండి. మళ్ళీ నానబెడతాను. ఈసారి అందరూ చూస్తుండగా, ఇల్హోం గారి గదిలోనే, తాళం వేసి."

వానల మాట ఆగిపోయింది. ఇప్పుడందరూ మా వైపే చూస్తున్నారు. నేను గబగబా వెళ్ళి నల్ల గొట్టం చుట్ట తెచ్చాను. బల్ల మీద పెట్టి, వేలెడంత కొలిచి, కత్తి ఆనించాను.

"ఉస్తా," అంది ముహయ్యో, గౌరవంగానే. చెయ్యి చాపింది. "కత్తి ఇటివ్వండి. నేను కోసుకుంటాను."

ముప్ఫై ఏళ్ళలో ఆ మిల్లులో నా చేతిలోంచి కత్తి అడిగి తీసుకున్నవాళ్ళు లేరు. పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాను.