కల్లం కాపలా మంచం

యలమందయ్య, బసవమ్మ కవలలు. ఒకే చేలో పత్తి తీశారు, ఒకే ఎండలో నెరిశారు. అరవై దాటాక అన్న వయసును లోకం పెద్దరికమంది. చెల్లెలి వయసును ముసలితనమంది.

అద్దంకి దగ్గర రైతు వీరరాఘవయ్య మిరప కల్లంలో ఆ ఏడు కాపలా మంచం ఖాళీ అయింది. గొంతుక్కూర్చుని కాయల తొడిమలు తీసీ తీసీ మోకాళ్ళు పట్టేసిన బసవమ్మ, అందరికన్నా ముందు వెళ్ళి అడిగింది.

"నన్ను పెట్టండయ్యా. కూర్చుని చూసే పనేగా!"

"కాపలాకి మీసం ఉండాలే బసవమ్మా!" రైతు నవ్వాడు. "మీ అన్నను రమ్మను."

అన్న వచ్చాడు. మంచం మీదికి ట్రాన్సిస్టర్ వచ్చింది. పూటపూటకూ టీ వచ్చింది. ఎర్రని రాశి అంచున చెల్లెలు తొడిమలు తుంచుతూనే ఉంది. కారానికి వేళ్ళు మండేవి. మంచం కిర్రుమన్నప్పుడల్లా కడుపు మండేది.

"ఏమే, పాట విన్నావా?"

"విన్నాలే. వెనకాల నీ గురక కూడా విన్నా!"

ఒక మధ్యాహ్నం తోటి ఆడవాళ్ళు అన్నాలకు వెళ్ళారు. పడమట మబ్బు లేచింది. తడిగాలి తగిలింది. యలమందయ్య నిద్రలో ఉన్నాడు. కప్పాల్సిన పట్టాలు మంచం కిందే ఉన్నాయి. లేపుదామని నోరు తెరిచిన బసవమ్మ, మళ్ళీ మూసుకుంది.

తడవనీ. అప్పుడైనా ఆ మంచం ఖాళీ అవుతుంది.

వాన పడింది. అన్న ఉలిక్కిపడి లేచి పట్టాలు లాగేసరికి సగం కాయ తడిసింది. రైతు పరుగున వచ్చాడు.

"కన్నంటుకుందయ్యా," అన్నాడు యలమందయ్య, చేతులు కట్టుకుని.

"పోన్లే, పెద్దవయసు. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" రైతు బసవమ్మ వైపు తిరిగాడు. "నువ్వు మెలకువగానే ఉన్నావుగా? కళ్ళు పోయాయా? తొడిమలక్కూడా పనికిరావు. రేపట్నుంచి రాబాకు!"

మర్నాడు ఆమె అన్నకు అన్నం మాత్రం తెచ్చింది. మంచం మీద కొత్త తాటాకు పందిరి నిలిచి ఉంది.

"ముసలాణ్ణి, తడుస్తానని రైతు వేయించాడే," అన్నాడు అన్న. "కూర్చో కాసేపు. ఎవరూ లేరులే."

కూర్చుంది. నులక మెత్తగా ఉంది. అనుకున్నదానికన్నా మెత్తగా ఉంది. ఆ మెత్తదనమే ఆమెను మరింత కుళ్ళబెట్టింది.

గట్టు మీద రైతు చెప్పుల చప్పుడైంది. ఎవరూ చెప్పకముందే ఆమె లేచి నిలబడింది.